ఐలీన్ పవర్: మధ్యయుగ ఆర్థిక చరిత్రకారిణి జీవితం, కృషి – తరచుగా అడిగే ప్రశ్నలు

ఐలీన్ పవర్ ఎవరు?

మధ్యయుగ ఇంగ్లండ్ ఆర్థిక చరిత్ర రాసినవారిలో మొదటి వరసలో చెప్పుకోవలసిన పేరు. 1889 జనవరి 9న చెషైర్ ప్రాంతంలోని ఆల్ట్రించమ్‌లో పుట్టారు. 1940 ఆగస్టు 8న, 51వ ఏట, హఠాత్తుగా గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆర్థిక చరిత్ర ప్రొఫెసర్‌గా ఉన్నారు.

చాలామందికి ఆమె 'మెడీవల్ పీపుల్' రాసిన రచయిత్రిగానే తెలుసు. కళ్లకు కట్టినట్టు రాస్తారన్న పేరు ఆమెకు పాఠకులను తెచ్చిపెట్టింది కానీ, ఆ రాతకు ఆధారమైన సుంకం చిట్టాలను, రైతుల జాబితాలను, వీలునామాలను మరుగున పడేసింది. ఈ పేజీలో వాటికే ఎక్కువ చోటిచ్చాం.

కుటుంబ నేపథ్యం ఏమిటి?

తండ్రి స్టాక్ బ్రోకరు. ఆమె పసితనంలోనే మోసం కేసులో జైలుపాలయ్యాడు. తల్లి క్షయతో చనిపోయేనాటికి ఐలీన్‌కు 14 ఏళ్లు. ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఆమే పెద్ద. తల్లి తరఫువాళ్లు పెంచారు. ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో చదువుకున్నారు. చెల్లెళ్లలో రోడా పిల్లల రచయిత్రిగా, రేడియో ప్రసారకురాలిగా పేరు తెచ్చుకుంది. బెరిల్ ప్రభుత్వోద్యోగంలో చేరింది. ఆస్తి లేని ఆడపిల్లలు కాబట్టి చదువే ఆధారం, సంపాదించుకోక తప్పదు. ఐలీన్ జీవితంలో స్కాలర్‌షిప్పులు, ఫెలోషిప్పులు ఇన్ని కనబడటానికి కారణం ఇదే.

కేంబ్రిడ్జిలో ఫస్ట్ క్లాసు వచ్చినా డిగ్రీ ఎందుకు ఇవ్వలేదు?

1907 నుంచి 1910 దాకా కేంబ్రిడ్జిలోని ఆడవాళ్ల కాలేజీ గర్టన్‌లో చరిత్ర చదివి, ట్రైపాస్ అనే అక్కడి ఆనర్స్ పరీక్ష రెండు భాగాల్లోనూ ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నారు. అయితే అప్పట్లో కేంబ్రిడ్జి ఆడవాళ్లను పరీక్ష రాయనిచ్చేది కానీ పట్టా ఇచ్చేది కాదు. 1921లో పేరుకు మాత్రం పట్టా ఇవ్వడానికి ఒప్పుకుంది. విశ్వవిద్యాలయ పాలనలో ఓటు, పూర్తి సభ్యత్వం 1948లో గానీ రాలేదు. అంటే పవర్ బతికున్నన్నాళ్లూ ఆ హక్కు దక్కలేదు. 1913 నుంచి 1921 దాకా అదే గర్టన్‌లో చరిత్ర విభాగం డైరెక్టర్ ఆఫ్ స్టడీస్‌గా పనిచేసినా పరిస్థితి మారలేదు.

పారిస్‌లో ఏం నేర్చుకున్నారు?

1910–11లో గిల్‌క్రిస్ట్ ఫెలోషిప్ మీద పారిస్ వెళ్లి సోర్బాన్‌లోనూ ఎకోల్ దే షార్త్‌లోనూ చదివారు. రెండోది పాత పత్రాలు చదవడంలో తర్ఫీదు ఇచ్చే సంస్థ. చేతిరాతల కాలాన్ని పోల్చడం, లాటిన్ సంక్షిప్తాలు విప్పడం, పత్రం అసలుదా నకిలీదా తేల్చడం అక్కడ నేర్పేవారు. అక్కడి మార్గదర్శి ఫ్రెంచి చరిత్రకారుడు షార్ల్-విక్తోర్ లాంగ్లోవా. తిరిగి వచ్చాక 1911లో షా ఫెలోషిప్‌తో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మధ్యయుగ స్త్రీల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆ డబ్బు ఇచ్చింది నాటకకర్త బెర్నార్డ్ షా భార్య షార్లెట్.

ఆమె భారతదేశానికి వచ్చారా?

వచ్చారు. ప్రపంచయాత్రకు ఆల్బర్ట్ కాన్ ఫెలోషిప్ అందుకున్న తొలి మహిళ ఆమే. 1920–21లో ఆ డబ్బుతో భారతదేశం, చైనా, జపాన్‌తో పాటు మరికొన్ని దేశాలు తిరిగారు. చైనా మీద పెరిగిన మక్కువ చివరిదాకా ఉంది. మార్కో పోలో మీద వ్యాసం, యాత్రా గ్రంథాల సంపాదకత్వం దాని ఫలమే. ఐరోపా మధ్యయుగాన్ని ఆసియాతో వర్తకం లేకుండా ఊహించలేమని ఆమె మొదటి నుంచీ అనేవారు.

కేంబ్రిడ్జి వదిలి లండన్‌కు ఎందుకు వెళ్లారు?

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 1895లో పెట్టిన నాటి నుంచే ఆడవాళ్లను చేర్చుకుంది. ఆర్థిక చరిత్రలో ఆచార్య పదవిని లిలియన్ నోల్స్ 1921లోనే అక్కడ అందుకున్నారు. పవర్ అదే ఏడాది లెక్చరర్‌గా చేరారు. 1924లో రీడర్, 1931లో ప్రొఫెసర్ అయ్యారు. ఆర్థిక చరిత్రకారుడు ఆర్. హెచ్. టానీ సహోద్యోగి. ఇద్దరూ కలిసి ట్యూడర్ కాలపు ఆర్థిక పత్రాలను మూడు సంపుటాలుగా 1924లో తెచ్చారు. 1926లో ఎకనామిక్ హిస్టరీ సొసైటీ ఏర్పడ్డప్పుడు కార్యదర్శి బాధ్యత మోసింది కూడా ఆమే.

బోడో ఎవరు? అతని గురించి అంత వివరం ఎలా తెలిసింది?

'మెడీవల్ పీపుల్'లో పవర్ చిత్రించిన బోడో తొమ్మిదో శతాబ్దం మొదట్లో పారిస్ దగ్గర సెయింట్ జర్మెన్ మఠం భూమిలో వ్యవసాయం చేసుకున్న రైతు. అతను రాసిపెట్టిందంటూ ఏమీ లేదు. మఠాధిపతి ఇర్మినో తన భూములన్నిటికీ ఒక జాబితా తయారు చేయించాడు. ఏ ఊళ్లో ఎవరు ఎంత భూమి సాగు చేస్తున్నారు, ఏమేం కట్టాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. బోడో పేరు ఉన్న నమోదు కొన్ని పంక్తులే. ఎర్మెన్‌ట్రూడ్ అతని భార్య. ముగ్గురు పిల్లలు. సాగుభూమి, కొద్దిగా ద్రాక్షతోట, గడ్డిమైదానం ఉన్నాయి. సైన్యం ఖర్చు కింద రెండు వెండి షిల్లింగులు ఇవ్వాలి. అడవిలో పందులు మేపుకున్నందుకు రెండు పీపాల ద్రాక్షసారా. మూడేళ్లకోసారి కంచెలకు వంద పలకలు, మూడు గుంజలు. వారానికి రెండు రోజులు వెట్టి, ఒక రోజు చేతిపని. మూడు కోళ్లు, పదిహేను గుడ్లు. పిండిమరలో సగం వాటా ఉన్నందుకు మరో రెండు షిల్లింగులు.

ఈ పంక్తుల నుంచి ఒక కుటుంబం ఏడాది బతుకును నిలబెట్టడానికి పవర్ వాడిన పద్ధతి ఇది. ముందు బాకీల జాబితాను పనుల జాబితాగా మార్చారు. వంద పలకలు కట్టాలంటే ఎవరో చెట్టు కొట్టి, కోసి, మోసుకెళ్లాలి. వారంలో మూడు రోజులు మఠానికి పోతే సొంత పొలానికి మిగిలేది ఎంతో లెక్కకట్టారు. తర్వాత అదే కాలపు చక్రవర్తి శాసనాలు, చర్చి నిషేధాలు, మంత్రాల వంటి ఆధారాలను పక్కన పెట్టి, ఖాళీలను వాటితో పూరించారు. అలా ఊహించి పూరించినవాటిని ఊహించామనే చెబుతారు. చాలామంది పాఠకులు ఆ గుర్తులను గమనించకుండా సాగిపోతారు. బోడో ఏ రోజు ఏం మాట్లాడాడన్నది ఊహ. కోళ్లు, గుడ్లు, వెట్టి దినాలు మాత్రం రికార్డులో ఉన్నవే. చదివేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. ఆ మరను గాలిమర అని అనుకోకూడదు. గాలిమరలు పశ్చిమ ఐరోపాలో పన్నెండో శతాబ్దంలో గానీ రాలేదు. బోడో నాటికి ఉన్నవి నీటిమరలు.

సన్న్యాసినుల మఠాల మీద ఆమె రాసిన పెద్ద గ్రంథం ఎలాంటిది?

1922లో వచ్చిన 'మెడీవల్ ఇంగ్లీష్ నన్నరీస్' సుమారు 1275 నుంచి 1535 దాకా ఇంగ్లండ్‌లో ఉన్న దాదాపు 138 మఠాల చరిత్ర. భక్తి గురించి తక్కువ, జమాఖర్చుల గురించి ఎక్కువ. ఎవరు చేరేవారు, చేరేటప్పుడు ఎంత డబ్బు తెచ్చేవారు, కప్పు కారుతుంటే బాగుచేయడానికి డబ్బు ఎందుకు ఉండేది కాదు, అప్పు ఎలా పేరుకునేది అన్నవి అసలు విషయాలు.

ఇందులో ప్రధాన ఆధారం బిషప్పుల తనిఖీ పత్రాలు. తనిఖీకి ఒక క్రమం ఉండేది. బిషప్పు వస్తున్నట్టు ముందే కబురు వెళ్తుంది. వచ్చాక మఠాధికారిణి తన ఎన్నికకు సంబంధించిన కాగితాలు, ఆస్తి లెక్కలు చూపాలి. ఆ తర్వాత సన్న్యాసినులను ఒక్కొక్కరినే విడిగా పిలిచి అడుగుతారు. గుమాస్తా ఫిర్యాదులు రాసుకుంటాడు. ఏ ఫిర్యాదూ లేనివాళ్ల పేరుకు ఎదురుగా లాటిన్‌లో 'ఓమ్నియా బేనే', అంతా బాగుంది అని పడుతుంది. చివర బిషప్పు ఆజ్ఞలు వస్తాయి. కుక్కలను గుడిలోకి తేవద్దు, పట్టు బట్టలు కట్టవద్దు, వేడుకల్లో నాట్యాలు వద్దు లాంటివి. లింకన్ బిషప్పు ఆల్నిక్ 1430లు, 40లలో చేసిన తనిఖీల పత్రాల్లో సన్న్యాసినుల మాటలు దాదాపు వాళ్ల గొంతుతోనే వినబడతాయి.

ఈ గ్రంథం మీద తర్వాత వచ్చిన విమర్శ న్యాయమైనదే. తనిఖీ జరిగేది తప్పులు పట్టడానికి. సవ్యంగా సాగిన మఠం గురించి గుమాస్తా రాసేది రెండు మాటలు, గొడవలున్న మఠం గురించి పేజీలు. ఆ పత్రాల మీదే ఆధారపడితే చిత్రం నల్లగా వస్తుంది. తర్వాతి పరిశోధకులు వీలునామాలు, దానపత్రాలు, మఠాల సొంత ఖాతాలు కలిపి చూసి, చుట్టుపక్కల జనానికి ఈ మఠాల మీద ఉన్న గౌరవాన్ని ఎత్తిచూపారు. పేదరికం గురించి పవర్ తేల్చినదాన్ని మాత్రం ఎవరూ పక్కన పెట్టలేదు.

ఉన్ని వర్తకాన్ని అంతగా ఎందుకు పట్టించుకున్నారు?

మధ్యయుగ ఇంగ్లండ్ ఎగుమతుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఉన్ని కాబట్టి. ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం), ఇటలీ మగ్గాలు నడవాలంటే ఇంగ్లీషు ఉన్ని కావాలి. రాజు యుద్ధం చేయాలంటే దాని మీద సుంకం కావాలి. 1939లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఫోర్డ్ ఉపన్యాసాల్లో పవర్ గొర్రె దగ్గర మొదలుపెట్టి పార్లమెంటు దాకా వెళ్లారు. ఉన్ని సుంకానికి రాజు ఎవరిని అడగాలి? విడిగా కూర్చోబెట్టుకున్న వర్తకులనా, పార్లమెంటునా? వర్తకులు ఒప్పుకుంటే రాజుకు పని తేలిక. కానీ వాళ్లు సుంకం భారాన్ని ఉన్ని పెంచేవాళ్ల మీదకు నెట్టి తక్కువ ధర ఇస్తారు. ఆ పెంపకందార్లు కూర్చునేది పార్లమెంటులో. అందుకే పద్నాలుగో శతాబ్దంలో ఈ హక్కు కోసం అంత పెనుగులాట జరిగింది. రాజ్యాంగ చరిత్రను గొర్రెల మంద వైపు నుంచి చూపిన ఈ వాదం ఆమె చేసిన పనులన్నిటిలోకీ బలమైనదని మా అభిప్రాయం.

ఉన్ని ఏ కొలతలో అమ్మేవారు? చేతులు ఎలా మారేది?

పెద్ద కొలత శాక్. శాక్ అంటే 364 పౌండ్లు, అంటే 14 పౌండ్ల స్టోన్లు 26. ఇప్పటి లెక్కన సుమారు 165 కిలోలు. ఒక గొర్రె ఏడాదికి ఇచ్చేది పౌండున్నర, రెండు పౌండ్లు కాబట్టి ఒక శాక్ నిండాలంటే దాదాపు 200 గొర్రెలు పైబడి కావాలి. నాణ్యతను బట్టి ధర బాగా తేడా పడేది. ఫ్లోరెన్స్ వర్తకుడు పెగొలోట్టి పట్టికలో టింటర్న్, డోర్ మఠాల మేలురకం ఉన్ని శాక్ 28 మార్కులు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు కాబట్టి అది 18 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు.

పదిహేనో శతాబ్దంలో సరుకు ఇలా నడిచేది. వేసవిలో ఉన్ని కత్తిరిస్తారు. కాట్స్‌వోల్డ్స్ కొండల లాంటి చోట్ల దళారీలు రైతుల దగ్గర పోగుచేస్తారు. స్టేపుల్ వర్తకుడు, అంటే ఉన్ని ఎగుమతి చేసే వర్తకుడు, వచ్చి చూసి, కొంత నగదు ఇచ్చి మిగతాది వాయిదాల మీద కొంటాడు. మూటలు కట్టి, తూచి, సుంకం అధికారి ముద్ర వేయించి ఓడలో, ఫ్రాన్సు తీరాన అప్పట్లో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్న కలే రేవుకు పంపుతారు. 1363 నుంచి స్టేపుల్, అంటే ఎగుమతి ఉన్ని అంతా చేరి అమ్ముడుపోవలసిన స్థలం, అక్కడే పెట్టారు. మధ్యలో కొన్నాళ్లు మారినా పద్నాలుగో శతాబ్దం చివరికి అక్కడే స్థిరపడింది. కలేలో మళ్లీ తనిఖీ జరుగుతుంది. ఫ్లాండర్స్ కొనుగోలుదార్లు కొంత చేతికిచ్చి, మిగతాదానికి ఫలానా సంతలో చెల్లిస్తామని పత్రం రాసిస్తారు. యాంట్వర్ప్, బెర్గెన్-ఓప్-జూమ్ సంతలకు వెళ్లి వసూలు చేసుకోవాలి. ఆ డబ్బును లండన్‌కు చేర్చడం మరో తలనొప్పి. అక్కడ సరుకు కొనే లండన్ బట్టల వర్తకులకు ఇచ్చి, లండన్‌లో తిరిగి తీసుకునేలా హుండీ రాయించుకునేవారు. ఈ గొలుసులో ఏ సంతలో చెల్లింపు ఆగినా కాట్స్‌వోల్డ్స్ దళారీ దాకా అందరికీ బాకీ పడేది. ఉన్ని వర్తకంలో ఉన్న సీలీ కుటుంబం ఉత్తరాల్లో, స్టోనర్ కుటుంబం ఉత్తరాల్లో ఈ బెంగే పరుచుకుని ఉంటుంది.

స్టోనర్ ఉత్తరాల్లో స్టేపుల్ వర్తకుడు థామస్ బెట్సన్ రాసినది ఒకటి ఉంది. 1476 జూన్ 1న కలే నుంచి, తనతో పెళ్లి నిశ్చయమైన చిన్నపిల్ల కాథరీన్‌కు రాశాడు. బాగా తిని త్వరగా పెద్దదానివి కమ్మంటాడు. తన గుర్రాన్ని పలకరించి, దాని వయసులో నాలుగేళ్లు నీకు ఇమ్మని అడుగు, నేను ఇంటికొచ్చాక నావి నాలుగేళ్లు, పైన నాలుగు రొట్టెలు దానికి ఇస్తానంటాడు. వర్తక చరిత్రలో ఇలాంటి ఉత్తరం దొరకడం అరుదు. పవర్ దీన్ని వదిలిపెట్టలేదు.

ఉన్ని ఎగుమతి ఎందుకు పడిపోయింది?

పద్నాలుగో శతాబ్దం మొదట్లో మంచి సంవత్సరం వస్తే 40,000 శాక్‌ల పైగా బయటికి వెళ్లేవి. పదిహేనో శతాబ్దం మధ్యకు 10,000 లోపుకి దిగింది. గొర్రెలన్నీ మాయమై కాదు. ఉన్ని ఇంగ్లండ్‌లోనే బట్టగా మారి వెళ్లడం మొదలైంది. దీనికి సుంకమే పెద్ద కారణం. లెక్క చూడండి.

ఇంగ్లీషు వర్తకుడు ఒక శాక్ ఉన్నిని అలాగే పంపితే, 1275 నాటి పాత సుంకం 6 షిల్లింగుల 8 పెన్నీలు, పార్లమెంటు మంజూరు చేసే అదనపు సుంకం తరచుగా 33 షిల్లింగుల 4 పెన్నీలు, వెరసి 40 షిల్లింగులు కట్టాలి. అదే శాక్‌తో బట్ట నేయిస్తే దాదాపు నాలుగు తానులు, ఇంకో మూడో వంతు వస్తుంది. రంగు ఖరీదు లేని సాదా తానుకు ఇంగ్లీషు వర్తకుడు కట్టే ఎగుమతి సుంకం 14 పెన్నీలు. మొత్తం సుమారు 61 పెన్నీలు, అంటే 5 షిల్లింగులు. ఒకే ఉన్నికి ఒక దారిలో 40, ఇంకో దారిలో 5. రాజు ఎవరినీ ప్రోత్సహించాలని ఇది పెట్టలేదు, యుద్ధానికి డబ్బు కోసం పెట్టాడు. దాని నీడలో నేతపరిశ్రమ ఎదిగింది. ఎసెక్స్‌లోని కోగ్‌షాల్ ఊళ్లో బట్టల వ్యాపారి థామస్ పేకాక్ ఇల్లు ఆ సంపదకు ఇప్పటికీ సాక్ష్యం. 1518లో చనిపోయిన ఈయన మీద పవర్ 1920లోనే ఒక పుస్తకం రాశారు.

సుంకం రికార్డులు చదివేటప్పుడు ఎక్కడ పొరబడతారు?

ఇవి లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రేవు అధికారులు ఓడ ఓడకూ రాసిన వివరపు చిట్టాలు ఒక రకం. ఎక్స్‌చెకర్ ఖజానాలో వాటి మొత్తాలు మాత్రం ఎక్కించిన చుట్టలు ఇంకో రకం. మొదటివి చాలావరకు పోయాయి, రెండోవి దాదాపు వరుసగా ఉన్నాయి. పవర్ సెమినార్ నుంచి 1933లో వచ్చిన పదిహేనో శతాబ్దపు వర్తకం సంపుటానికి ఈ రెండోవాటి మొత్తాలే వెన్నెముక.

ఖజానా సంవత్సరం మైకేల్మస్ నుంచి, అంటే సెప్టెంబరు 29 నుంచి మొదలవుతుంది. జనవరి లెక్కల్లోకి మార్చేస్తే ఒక ఏడాది ఎగుమతి పక్క ఏడాదిలో పడుతుంది. అధికారి మధ్యలో మారితే ఖాతా పది నెలలదో పద్నాలుగు నెలలదో అవుతుంది, తేదీలు చూడకుండా పక్కపక్కన పెడితే లేని మాంద్యం కనబడుతుంది. ఉన్నితో ఉన్న గొర్రెతోళ్లను శాక్‌లలోకి మార్చడానికి 1275 నిబంధనలో 300 తోళ్లు ఒక శాక్, తర్వాత వచ్చిన లెక్కలో 240. ఏది వాడారో చూడకపోతే నాలుగో వంతు తేడా వస్తుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, సుంకం కట్టినదే మొత్తం వర్తకం అనుకోవడం. దొంగరవాణా అందులో ఉండదు, దేశంలోనే వాడుకున్న ఉన్ని ఉండదు. బట్ట సుంకం హాన్సా (ఉత్తర జర్మనీ వర్తక నగరాల కూటమి) వర్తకులకు 12 పెన్నీలు, ఇంగ్లీషువారికి 14, మిగతా విదేశీయులకు 33. కాబట్టి వసూలైన డబ్బును బట్టి తానులు లెక్కకడితే, ఎవరు పంపారో తెలియకుండా వచ్చే అంకెకు విలువ ఉండదు.

స్త్రీల చరిత్రలో ఆమె చెప్పిన కొత్త మాట ఏమిటి?

స్త్రీల గురించి మధ్యయుగపు రాతలన్నీ చర్చి పెద్దలు, ప్రభువర్గం వాళ్లవి. ఆ రెండూ చిన్న గుంపులే. వాళ్లు చెప్పిన సిద్ధాంతం ఒకటి, చట్టం ఇచ్చిన స్థానం ఒకటి, రోజువారీ బతుకు ఇంకొకటి. మూడింటినీ కలిపేయకూడదన్నారు. నగరాల్లో వితంతువులు భర్త వ్యాపారాన్ని నడిపిన దాఖలాలు, పొలంలో కూలికి వెళ్లిన ఆడవాళ్ల లెక్కలు మూడోదానికి ఆధారాలు. స్త్రీల మీద ఆమె ఇచ్చిన ఈ ఉపన్యాసాలు పుస్తకంగా 1975లో గానీ రాలేదు.

పోస్టన్ ఎవరు? ఆమె పుస్తకాలు మరణానంతరం ఎందుకు వచ్చాయి?

మైకేల్ పోస్టన్ బెసరేబియాలో (ఇప్పటి మాల్డోవా ప్రాంతం) పుట్టి ఇంగ్లండ్ వచ్చిన చరిత్రకారుడు. ఆమెకు విద్యార్థి, సహాయకుడు, తర్వాత సహసంపాదకుడు. ఆమెకన్నా పదేళ్లు చిన్న. 1937 డిసెంబరులో పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాది ఆయన కేంబ్రిడ్జిలో ఆర్థిక చరిత్ర ప్రొఫెసర్ అయ్యారు. పెళ్లయి మూడేళ్లు తిరగకుండానే ఆమె పోయారు. ఫోర్డ్ ఉపన్యాసాలను 1941లో, స్త్రీల మీద ఉపన్యాసాలను 1975లో అచ్చుకు సిద్ధం చేసింది ఆయనే. ఆర్థిక చరిత్రకారుడు క్లాపమ్‌తో కలిసి ఆమె సంపాదకత్వం వహించిన కేంబ్రిడ్జి ఐరోపా ఆర్థిక చరిత్ర మొదటి సంపుటం కూడా 1941లోనే వచ్చింది. దానికి ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ లాంటివారు రాశారు.

ఆమె తర్వాత ఈ రంగం జనాభా, ధరలు, దిగుబడుల గణాంకాల వైపు తిరిగింది. ఉపన్యాస రూపంలో మిగిలిన రచనలు విస్తరించి రాసే అవకాశం ఆమెకు చిక్కలేదు. పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు పలచబడటానికి ఇవే కారణాలు. రాత సులువుగా ఉంటే పరిశోధన లోతు తక్కువ అనుకునే అలవాటు కూడా తోడైంది. అది తప్పు అలవాటు.

రేడియోలో కూడా పనిచేశారా?

అవును. బీబీసీ పాఠశాల ప్రసారాల్లో ప్రపంచ చరిత్ర చెప్పేవారు. చెల్లెలు రోడాతో కలిసి పిల్లల చరిత్ర పుస్తకాలు రాశారు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

'మెడీవల్ పీపుల్' (1924). అందులో ముందు బోడో, తర్వాత బెట్సన్, ఆపైన పేకాక్. ఆ వెంటనే ఉన్ని ఉపన్యాసాలు. చిన్న పుస్తకమే కానీ సుంకం అధ్యాయం నెమ్మదిగా, కాగితం మీద అంకెలు వేసుకుంటూ చదవాలి. సన్న్యాసినుల గ్రంథం మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. డబ్బు ఇబ్బందుల అధ్యాయాలు చూసి, మిగతాది అవసరాన్ని బట్టి తిరగేయవచ్చు.

ఇలాంటి పరిశోధన చేయాలంటే ఏం నేర్చుకోవాలి?

మధ్యయుగ లాటిన్ ముందు. క్లాసికల్ లాటిన్ వ్యాకరణం వచ్చాక ఖాతాల లాటిన్ కష్టం కాదు. మాటలు తక్కువ, సంక్షిప్తాలు ఎక్కువ. తర్వాత చేతిరాత. అచ్చయిన ఖాతా ఒకటి, దాని అసలు పేజీ ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టుకుని వరసగా పోల్చుకుంటూ పోతే కన్ను అలవాటుపడుతుంది. రోమన్ అంకెల్లో, 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు పద్ధతిలో కూడికలు చేతితో చేయడం రావాలి. గుమాస్తా వేసిన మొత్తాన్ని ప్రతిసారీ మళ్లీ కూడి చూడండి. తేడా వస్తే తొందరపడి సరిదిద్దకండి. కొన్నిసార్లు ఒక పద్దు చినిగిపోయి ఉంటుంది, కొన్నిసార్లు పెద్ద వందను 120గా లెక్కపెట్టి ఉంటారు.